విక్స్‌బర్గ్‌కు ఒక్క ముక్కేనా?

సంపాదకులకు నమస్కారం.

అమెరికా అంతర్యుద్ధం మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. పేజీలో ముప్పాతిక గెటిస్‌బర్గ్ యుద్ధానికే ఇచ్చి, మిసిసిపీ నది ఒడ్డునున్న విక్స్‌బర్గ్ ఊరి ముట్టడిని ఒక్క ముక్కలో తేల్చేశారు. 1863 జులై 1 నుంచి 3 దాకా గెటిస్‌బర్గ్‌లో ఘోరంగా పోరాడారు, కాదనను. కానీ ఓడిన దక్షిణాది సేనాని లీ తన సైన్యాన్ని వెనక్కి తీసుకుపోయి 1865 ఏప్రిల్ దాకా యుద్ధం చేశాడు. అదే జులై 4న విక్స్‌బర్గ్‌లో దక్షిణాది సేనాని పెంబర్టన్ సైన్యం మొత్తం, దాదాపు 29 వేల మంది, ఉత్తరాది సేనాని గ్రాంట్‌కు లొంగిపోయింది. ఐదు రోజులకు అదే నది మీదున్న దక్షిణాది స్థావరం పోర్ట్ హడ్సన్ కూడా పడిపోయి మిసిసిపీ నది పొడుగునా ఉత్తరాది చేతికొచ్చింది. దక్షిణాది పక్షాన ఉన్న టెక్సస్, ఆర్కాన్సాస్ తెగిపోయి అవతలి గట్టునే ఉండిపోయాయి. ఏది పెద్ద దెబ్బో మీరే చెప్పండి.

నేను చెన్నై మింట్ స్ట్రీట్ దగ్గర ఒక తెలుగు ప్రెస్సులో అచ్చు అక్షరాలు కూర్చే కంపోజిటర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. అందుకేనేమో, ఆ ముట్టడిలో ఫిరంగుల కన్నా ఒక పత్రిక మీదే నా మనసు. మే నెల నుంచి జనం గుట్టల్లో గుహలు తవ్వుకుని తలదాచుకున్నారు, కంచరగాడిద మాంసం దాకా వచ్చారు. ఊళ్లోని ‘డైలీ సిటిజన్’కు కాగితం అయిపోతే, గోడలకు అతికించే పూల కాగితం వెనకవైపు అచ్చేశారు. గ్రాంట్ 4వ తేదీన ఊళ్లో విందు చేస్తాడట, కుందేలును వండాలంటే ముందు దాన్ని పట్టుకోమనండి అని జులై 2 సంచికలో ఎకసెక్కం ఆడారు. ఆలు లేదు చూలు లేదు అన్న ధోరణి.

ఊళ్లోకి వచ్చిన గ్రాంట్ సైనికులకు ఆ పేజీ అక్షరాలు కూర్చినవి కూర్చినట్టే దొరికాయి. గ్రాంట్ కుందేలును పట్టేశాడనీ, గోడ కాగితం మీద ఇదే ఆఖరి సంచిక అనీ అడుగున ఒక పేరా చేర్చి మళ్లీ అచ్చేశారు. కూర్చిన పేజీలో పేరా ఇరికించడం ఎంత చాకిరీయో చేసినవాళ్లకే తెలుసు. బిగింపు వదులు చేయాలి, ఉన్నది జరపాలి, చెయ్యి తగిలితే మొత్తం కూలుతుంది. తెలుగైతే వత్తులు రాలిపోయి ఇంకో టెన్షన్. ఆ సిపాయిల్లో మా పనివాళ్లు ఉండే ఉంటారు!

తర్వాత దానికి నకళ్లు బోలెడు వచ్చాయి. అసలు ప్రతిని అచ్చు తేడాలు చూసే గుర్తుపడతారు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో అసలుది ఉంది. దాని ఫొటో ఒకటి మీ పత్రికలో వేయండి, అడుగున ఆ పేరా కనిపించేంత పెద్దదిగా.

ఇట్లు,
ఒక పాత కంపోజిటర్,
పెరంబూర్, చెన్నై