ఛాంపియన్ల మోచేతులు, మన పిల్లల మోచేతులు

సంపాదకులకు నమస్కారం.

2023లో మా బేస్‌బాల్ జట్టు టెక్సాస్ రేంజర్స్ తొలిసారి వరల్డ్ సిరీస్ అనే అమెరికా బేస్‌బాల్ కప్పు గెలిచినప్పుడు డాలస్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలోనూ పండగే అయింది. మరుసటి ఏడాది అదే జట్టు 78 మ్యాచులు గెలిచి 84 ఓడింది. ప్లేఆఫ్స్‌కి కూడా వెళ్లలేదు. కప్పు రాగానే కళ్లు నెత్తికెక్కాయని మా స్నేహితులు చాలామంది అన్నారు. నేను ఒప్పుకోను. బ్యాటింగ్ చల్లబడిన మాట నిజమే, బ్యాటర్ గార్సియా 39 హోమ్ రన్స్ (క్రికెట్‌లో సిక్సర్ లాంటివి) నుంచి 25కి పడిపోయాడు. నాకు మనసులో నాటుకుపోయింది మాత్రం పిచ్చర్ల, అంటే బంతి విసిరేవాళ్ల సంగతి.

వాళ్లలో జేకబ్ డిగ్రామ్‌ది ఐదేళ్లకు 18.5 కోట్ల డాలర్ల ఒప్పందం. 2023లో ఆరు మ్యాచులు ఆడాడో లేదో మోచేతి లిగమెంట్ దెబ్బతింది. జూన్‌లో ఆపరేషన్, అదీ అదే చేతికి రెండోసారి. తిరిగి బంతి పట్టింది 2024 సెప్టెంబర్ 13న. అప్పటికే సీజన్ చేజారిపోయింది. మరో పిచ్చర్ మాక్స్ షెర్జర్ వెన్ను ఆపరేషన్ వల్ల జూన్ దాకా ఆడనేలేదు. ఇలాంటి గాయాల మీద ఆ డిసెంబర్‌లో ఈ పోటీలు నడిపే మేజర్ లీగ్ బేస్‌బాల్ స్వయంగా ఒక నివేదిక ఇచ్చింది. ప్రతి బంతీ శక్తినంతా కూడగట్టి ఇంకా వేగంగా విసరాలన్న తపనే పెద్ద కారణమని, అది పిల్లల ఆట దాకా దిగిందని అందులో ఉంది.

మా అబ్బాయికి పదకొండేళ్లు. రెండు జట్లకు ఆడేవాడు. ఒక ఆదివారం రాత్రి పెరుగన్నం తింటూ చెంచా కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చుకున్నాడు. ఏంట్రా అంటే "ఏం లేదు నాన్నా" అన్నాడు. పిల్లల బేస్‌బాల్ పోటీలైన లిటిల్ లీగ్‌లో ఆ వయసు పిల్లాడు రోజుకు 85 బంతులు మించి వేయకూడదు, 66 వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి ఇవ్వాలి. ఏ జట్టు లెక్క ఆ జట్టుకు సరిగ్గానే ఉంది. శనివారం ఒకచోట, ఆదివారం ఇంకోచోట. రెండూ కలిపి చూసినవాళ్లు లేరు. తండ్రిని, నేనూ చూడలేదు.

మన ఊళ్లలో ఫాస్ట్ బౌలింగ్ నేర్చుకునే పిల్లలూ పొద్దున నెట్స్, సాయంత్రం మ్యాచ్ అంటూ తిరుగుతారు. వాళ్లకు ఎక్కువగా దెబ్బతినేది నడుము. ప్రతి పిల్లాడూ వేసిన బంతులు రాసే చిన్న పుస్తకం ఒకటి ఉండాలని, ఏ మైదానానికి వెళ్లినా అది వాడి వెంటే వెళ్లాలని హైదరాబాద్, విశాఖ, గుంటూరు అకాడమీలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. మా ఇంట్లో ఆ పుస్తకం ఇప్పుడు ఫ్రిజ్ మీద ఉంటుంది.

ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సాస్