మా అబ్బాయికి క్లియరెన్స్ వచ్చింది, మీ అందరికీ కృతజ్ఞతలు

మా పెద్దబ్బాయికి సీక్రెట్ క్లియరెన్స్, అంటే అమెరికా ప్రభుత్వ రహస్య సమాచారం చూసే పనికి కావాల్సిన అనుమతి, వచ్చింది. ఇక్కడ వర్జీనియాలో మాకు అండగా నిలబడిన వాళ్ళందరికీ పేరుపేరునా చెప్పుకోవాలని ఉంది గానీ, పేర్లు రాయొద్దని వాళ్ళే అన్నారు. వాడిని అడిగే ఇదంతా రాస్తున్నాను.

కాలేజీ రోజుల్లో వాడి మీద రెండు కేసులయ్యాయి. 21 నిండకుండానే చేతిలో బీరు ఉన్నందుకు ఒకటి, ఆ తర్వాత తాగి కారు నడిపినందుకు ఇంకొకటి. మొదటిదాన్ని కోర్టు కొట్టేసింది. రెండోదానికి శిక్ష పడింది, ఏడాది పాటు లైసెన్స్ పోయింది, కోర్టు చెప్పిన క్లాసులన్నీ పూర్తి చేశాడు. అప్పట్నుంచి మందు ముట్టలేదు. చదువయ్యాక రక్షణ శాఖకి పనిచేసే కంపెనీలో డిఫెన్స్ కాంట్రాక్ట్ ఉద్యోగం వచ్చింది, దాంతోపాటే క్లియరెన్స్ కోసం నింపాల్సిన ఎస్‌ఎఫ్-86 ఫారం కూడా.

"కొట్టేసిన కేసు గురించి ఎందుకు రాయడం, ఎవరికి తెలుస్తుంది" అన్నవాళ్ళు లేకపోలేదు. ఫెడరల్ ఉద్యోగం చేసి రిటైరైన అక్కయ్య గారు ఒకరు మా ఇంటికొచ్చి, డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, ఆ ఫారంలో పోలీసు కేసుల గురించి అడిగే సెక్షన్ 22 వాడి చేతే పైకి చదివించారు. కేసు కొట్టేసినా, రికార్డు సీల్ చేసినా చెప్పాల్సిందేనని అందులోనే ఉంది. చాలా కేసులకి ఏడేళ్ళ వరకే అడుగుతారు. మందు, డ్రగ్స్ కేసులైతే ఎంత పాతవైనా రాయాలి. కోర్టు కాగితాలు ముందు పెట్టుకుని తేదీలన్నీ ఆవిడే సరిచూశారు. అక్కయ్యా, ఆ సాయంత్రం మీరు రాకపోతే మా వాడు ఈ ఉద్యోగంలో ఉండేవాడు కాదు. పాత కేసు కంటే దాన్ని దాచడమే పెద్ద సమస్య అవుతుందని మీరు చెప్పాకే మాకు అర్థమైంది.

అన్నీ రాసినా, క్లియరెన్స్ ఇవ్వడానికి అభ్యంతరాలున్నాయంటూ ప్రభుత్వం నుంచి నోటీసు వచ్చింది. జవాబివ్వడానికి గడువు 20 రోజులే. మా ఆవిడ టెన్షన్‌తో సరిగా నిద్రపోలేదు. లాయర్ గారు మాత్రం తొణకలేదు. క్లియరెన్స్ కేసుల్లో పేర్లు తీసేసి ప్రచురించే పాత తీర్పులు తెచ్చి, ఇలాంటి కేసుల్లో జడ్జీలు ఏం చూస్తారో మాకు విడమరిచి చెప్పారు. అప్పటి వయసు, గడిచిన కాలం, ఆ తర్వాతి నడవడిక, మళ్ళీ జరిగే అవకాశం, అన్నీ కలిపి మొత్తం మనిషిని చూస్తారట. జవాబులో ఒక్కో ఆరోపణకీ విడివిడిగా అవునో కాదో రాయించారు. వాడు ఏదీ కాదనలేదు.

ఆ జవాబు తర్వాత జడ్జి ముందు జరిగిన హియరింగ్‌కి సాక్షులుగా వచ్చిన వాడి మేనేజర్‌కీ, క్రికెట్ టీమ్ పెద్దాయనకీ ఎంత చెప్పినా తక్కువే. పెద్దాయన సెలవు పెట్టుకుని మరీ వచ్చారు. "కేసుల సంగతి నాకు తెలుసు, తెలిసే వచ్చాను" అని జడ్జి గారితో అన్నారు. ఆ మాట విన్నప్పుడు మా వాడు తల దించుకుని కళ్ళు తుడుచుకున్నాడు. అంతకుముందు మా వాడి గురించి వాకబు చేయడానికి విచారణాధికారి ఇంటికొస్తే, ఉన్నదున్నట్టు చెప్పిన మా ఇరుగుపొరుగు వాళ్ళకి కూడా నమస్కారాలు.

మీ పిల్లల్లో ఎవరైనా ఈ ఫారం నింపుతుంటే నాకు మెసేజ్ పెట్టండి. మా దగ్గరున్న కాగితాలన్నీ చూపిస్తాను, లాయర్ గారి నంబర్ కూడా ఇస్తాను. కూర్చుని చదివి పెట్టడానికి అక్కయ్య గారు కూడా సరేనన్నారు.