ముందు చక్రాలు విప్పరా

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. ఫొటోలు ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అమెరికా సైన్యం వాడిన ఆరు చక్రాల లారీ ఎం35ఏ2, అదీ వెనక తలుపు టెయిల్‌బోర్డుతో సహా ఏ భాగమూ పోకుండా దొరకడం మామూలు విషయం కాదు. ఆనందంతో నాకు రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. కానీ చివర్లో "ఆదివారం బ్యాటరీలు పెట్టి ఒక రౌండు వేస్తా" అని రాశావు చూడు, అక్కడ టెన్షన్ మొదలైంది. వద్దురా. ఏళ్ల తరబడి నిలబడిపోయిన బండి అది. ఇంజను స్టార్ట్ అవుతుందా అని అందరూ అడుగుతారు, ఆగుతుందా అని ఎవరూ అడగరు. నేనూ అడగలేదు.

నా బండి వచ్చిన కొత్తలో ఏం జరిగిందో నీకు పూర్తిగా చెప్పలేదు. ఇంజను రెండో సెల్ఫుకే అందుకుంది. పెడల్ తొక్కి చూస్తే గట్టిగానే ఉంది. చాలనుకుని బయల్దేరాను. కొద్ది దూరం పోయాక చిన్న దిగుడు. బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా, ఏ అడ్డూ లేకుండా కిందికి దిగిపోయి ఫ్లోరుకు ఆనింది. మళ్లీ తొక్కాను, అదే. ఖాళీ బండే ఆరు టన్నుల దగ్గర ఉంటుంది కదా, ఆ బరువు వెనక నుంచి నెట్టడం నడుముకి తెలిసింది. ముందే చిన్న గేరులో ఉన్నాను కాబట్టి ఇంజనే కొంత పట్టుకుంది. హ్యాండ్‌బ్రేకు రెండు చేతులా లాగి, పక్కనున్న మట్టిగట్టుకి ఎక్కించి ఆపాను. దిగాక కాళ్లు వణికాయి.

తర్వాత చూస్తే, చివరి ఇరుసు ఎడమ వైపు వీల్ సిలిండర్‌లో, అంటే చక్రం దగ్గర బ్రేకుని తోసే చిన్న సిలిండర్‌లో, ఒక్క రబ్బరు కప్పు చిరిగింది. అంతే. ఈ బండిలో ఆరు చక్రాలకీ కలిపి పెడల్ తొక్కితే బ్రేకు ఫ్లూయిడ్‌ని తోసే మాస్టర్ సిలిండర్ ఒకటే, సర్క్యూటూ ఒకటే. ఎక్కడ కారినా ఆరూ పోతాయి. గాలి ఉంది కదా అనుకుంటావేమో. ఇది పెద్ద లారీల్లో ఉండే పూర్తి ఎయిర్ బ్రేకు కాదు. ఎయిర్‌ప్యాక్ అనే బూస్టర్‌లోని గాలి నీ కాలికి బలం ఇస్తుంది, చక్రం దగ్గర పని చేసేది మాత్రం ఫ్లూయిడే. గాలి పోతే పెడల్ బరువెక్కుతుంది గానీ ఎంతోకొంత ఆగుతుంది. ఫ్లూయిడ్ పోతే ఎంత గాలి ఉన్నా లాభం లేదు. హ్యాండ్‌బ్రేకు ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను బలాన్ని ముందు, వెనక ఇరుసులకి పంచే పెట్టె) వెనక షాఫ్టు మీద ఉంటుంది. అది నిలబెట్టిన బండిని పట్టుకోవడానికి, పరిగెత్తే బండిని ఆపడానికి కాదు.

అందుకే ముందు చక్రాలు విప్పు. ఎడమ వైపు చక్రాల నట్లకి ఎడమ మరలు ఉంటాయి, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడతాయి, గుర్తుంచుకో. మామూలుగా తిప్పి, రావట్లేదని పైపు తగిలించి బలంగా లాగితే ఇంకా బిగుసుకుని, నట్టు ఎక్కే స్టడ్ విరుగుతుంది. స్టడ్ కొసన ఎల్ అక్షరం ఉంటుంది, బ్రష్షుతో రుద్ది చూడు. ఇంకోటి, ఆ రిమ్ములకి టైరుని పట్టి ఉంచే ఇనుప లాక్‌రింగు ఉంటుంది. టైరులో గాలి ఉండగా రింగు జోలికి పోకు. గాలి ఎక్కించేటప్పుడు ఇనుప బోనులో పెట్టాలి, పొడుగు గొట్టంతో దూరంగా, పక్కకి నిలబడి ఎక్కించాలి. ఆ రింగు ఎగిరితే మనిషి మిగలడు. ఈ ఒక్క విషయంలో నా మాట విను, టైరు పని చేతనైన వాళ్లకి ఇచ్చేయ్.

బ్రేకు డ్రమ్ము లాగితే రాదు. హబ్ వెనక బిగించి ఉంటుంది కాబట్టి ఇరుసు షాఫ్టు తీసి, పెద్ద నట్లు రెండూ విప్పి, బేరింగుతో సహా హబ్ మొత్తం బయటికి తేవాలి. మోయడానికి ఇద్దరు కావాలి. తీశాక మొదట బ్రేకు షూలు చూడు. నల్లగా తడిగా ఉంటే వాసన చూడు, గేరాయిల్ అయితే ఇరుసులోని ఆయిల్‌ని ఆపే సీలు పోయినట్టే. సీలు మార్చే ముందు ఇరుసు మీదున్న చిన్న బ్రీదర్ కూడా చూడు. అది మట్టితోనో పెయింటుతోనో మూసుకుపోతే, ఇరుసు వేడెక్కినప్పుడు లోపలి ఒత్తిడికి దారి లేక ఆయిల్ సీలుని తోసుకుని వస్తుంది. నేను ఒకే సీలు రెండుసార్లు మార్చాక గానీ ఈ సంగతి నాకు తట్టలేదు.

వీల్ సిలిండర్ విప్పినప్పుడు తొందరపడకు. నా దాంట్లో ఒక పిస్టను చాలాసేపు కదల్లేదు. తుప్పు వదిలే నూనె వేసి రాత్రంతా వదిలేశాను. పొద్దున చెక్కముక్క ఆనించి సుత్తితో మెల్లగా తట్టగా తట్టగా, టక్కున వచ్చింది. వెనకాల పాత ఫ్లూయిడ్ తుమ్మబంకలా గోధుమరంగులో గడ్డకట్టి ఉంది. అదంతా తుడిచి టార్చి వేసి చూస్తే గోడ మీద చిన్న చిన్న గుంతలు. గోరుతో గీసి చూడు, గోరు ఆగితే ఆ సిలిండర్ని వదిలేసి కొత్తది వేయి. రబ్బరు కప్పుల దగ్గరికి మాత్రం కిరసనాయిలు, డీజిలు, గ్రీజు రానివ్వకు, ఉబ్బిపోతాయి. ఊదారంగు ఫ్లూయిడ్ కనిపిస్తే అది డాట్ 5, సిలికాన్‌ది. మామూలు బ్రేకు ఫ్లూయిడ్ డాట్ 3తో దాన్ని కలపకూడదు. ఏదో ఒకటి ఎంచుకో, మారుస్తున్నావంటే లైన్లన్నీ కడిగి, రబ్బరు అంతా కొత్తది వేయి.

అవన్నీ అయ్యాక ఇంజను దగ్గరికి రా. నీకు అసలు ఇష్టమైన భాగం అదే, నాకు తెలుసు. నాకూ అదే. ఆరు సిలిండర్ల ఎల్‌డీటీ-465, కెపాసిటీ 478 ఘనపు అంగుళాలు. దీన్ని మల్టీఫ్యూయల్ అంటారు గానీ, ఆ మహిమంతా పిస్టను తలలో ఉంది. జర్మనీలో మాన్ కంపెనీ ఇంజనీరు మోయిరర్ కనిపెట్టిన పద్ధతి ఇది. పిస్టను మీద గోళంలాంటి గుంత ఉంటుంది. ఇంధనం ఎక్కువ భాగం గాలిలో చిమ్మకుండా ఆ గుంత గోడకి పలచగా పూతలా పట్టుకుంటుంది. వేడికి ఆ పూత కొద్దికొద్దిగా ఆవిరవుతూ మండుతుంది. అందుకే డీజిలు, కిరసనాయిలు, అవసరమైతే పెట్రోలు కూడా ఒప్పుకుంటుంది. ఇంధనం పలచబడితే పంపు ఎక్కువ ఇచ్చేలా సర్దడానికి డెన్సిటీ కంపెన్సేటర్ అని ఒకటి ఉంది. నువ్వు ఎప్పుడూ డీజిలే పోస్తావు కాబట్టి నీకు దాని అవసరం రాదు, అక్కడ కారుతుందేమో మాత్రం చూసుకో.

ట్యాంకు ఖాళీ చేసి లోపల టార్చి వేసి చూడు. ప్రైమరీ, సెకండరీ, ఫైనల్ మూడు ఫిల్టర్లూ మార్చు. తర్వాత సెల్ఫు కొట్టకుండా ముందు చేత్తో ఇంజను తిప్పి, పూర్తిగా రెండు చుట్లు తిరిగిందని చూసుకో. అప్పుడు ఇంజను ఆపే కేబుల్ లాగి పట్టుకుని, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా విడతలు విడతలుగా సెల్ఫు కొట్టు. ఆ కేబుల్ పంపు దగ్గర లివర్‌ని నిజంగా కదిలిస్తోందా లేదా అని కళ్లతో చూడాలి. ఈ ఇంజనుకి తాళం తిప్పితే ఆగే అలవాటు లేదు. పంపు లోపల ఏదైనా పట్టేసిందంటే ఇంజను తనంతట తానే వేగం అందుకుంటుంది. గాలి లోపలికి వెళ్లే గొట్టం మూతిని మూసెయ్యడానికి సరిపడే మందపాటి చెక్కపలక చేతికందేలా పెట్టుకో. చేతులు, గుడ్డలు అడ్డం పెట్టకు. ఇంజను త్వరగా అందుకోవడానికి కొట్టే ఈథర్ స్ప్రే కూడా వద్దు, ఇన్‌టేకులో మంటతో వేడిచేసే హీటరు ఉంటుంది, భగ్గుమంటుంది.

ఇంజను వేగం నిమిషానికి 2600 చుట్లు దాటించకు. దిగే ముందు మూడు నాలుగు నిమిషాలు ఐడిల్‌లో వదిలెయ్, టర్బో చల్లబడాలి. కరెంటు 24 వోల్టులు, రెండు బ్యాటరీలు వరసగా. రేడియోకో ఛార్జరుకో ఒక్క బ్యాటరీ నుంచే 12 వోల్టులు తీసుకుంటే రెండూ త్వరగా పాడవుతాయి. వైర్ల కొసలకి నంబర్లు కొట్టిన చిన్న రేకు ముక్కలుంటాయి, కత్తిరించి పారెయ్యకు. అమెరికా సైన్యం వాళ్ల టీఎం 9-2320-361 మాన్యువల్లో బొమ్మలు ఆ నంబర్లతోనే ఉంటాయి. బేరింగు నట్లు ఎంత బిగించి ఎంత వెనక్కి తిప్పాలో కూడా అందులోనే చూడు, నా జ్ఞాపకాన్ని నమ్మకు.

చివరి ఇరుసు ఎడమ వైపుతో మొదలుపెట్టు. హబ్ తీశాక షూలు, సిలిండర్ ఎలా ఉన్నాయో ఫొటో తీసి పంపు. సీళ్లు రెండు ఎక్కువే తెప్పించాను, నీ కొలతకి సరిపోతే పంపిస్తా. హబ్ మోయడానికి ఎవరూ లేకపోతే చెప్పు, నేనే వస్తాను.

నీ
పాత నేస్తం