సైకిలుకు ఈ నగరంలో దారేది?

సంపాదకుడు గారికి,

నమస్కారం. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మన హైదరాబాద్ నగరం మీదుగానే పోతుంది. దేశమంతా సైకిలు మీద తిరగాలని ఆ దారి పట్టేవాళ్లు మేడ్చల్ వైపు నుంచి నగరంలోకి వచ్చి శంషాబాద్ వైపు బయటపడతారు. మా పిన్ని కొడుకు, అతని భార్య అలాగే వస్తూ కొంపల్లిలో మా ఇంట్లో ఆగారు. వాళ్లు చెప్పింది విన్నాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

హైవే మీద తెల్లగీత అవతల సైకిలుకు కాస్త జాగా ఉంటుందట. అక్కడ బాధల్లా పగిలిన లారీ టైర్ల లోంచి రాలే సన్నటి ఉక్కు తీగలతోనే. కంటికి ఆనవు, టైరులో దిగి మెల్లగా గాలి తీసేస్తాయి. నిర్మల్ దాటాక రోడ్డు పక్కన ట్యూబు మార్చుకుంటుంటే పొలంలోంచి ఒక పెద్దాయన వచ్చి "తిన్నరా బిడ్డా?" అని అడిగి తన సద్దిలోంచే ఇద్దరికీ పెట్టాడు. అలాంటి మనుషులున్న రాష్ట్రం మనది.

సుచిత్ర కూడలి దాటి బోయినపల్లి వైపు వచ్చేసరికి ఆ కాస్త జాగా కూడా పోయింది. రోడ్డు అంచున ఆగిన ఆటోలు, ఇసుక, ఆపైన వాననీటి కాలువ మీద ఇనుప జాలీలు. ఆ కమ్మీలు అడ్డంగా కాక రోడ్డు పోయే దిక్కుకే బిగించి ఉన్నాయి. స్కూటరు టైరు దాటేస్తుంది గానీ సైకిలు చక్రం సరిగ్గా ఆ సందులోకే దిగుతుంది. మా మరదలి ముందు చక్రం అలాగే దిగి, వెనక సంచుల బరువుకు సైకిలు ఒరిగి, ఆమె రోడ్డు మీద పడింది. వెనక వస్తున్న బస్సు డ్రైవరు సమయానికి బ్రేకు వేశాడు. ఆయనెవరో తెలియదు, చల్లగా ఉండాలి.

లారీలు నగరంలోకి రాకుండా దాటిపోవడానికి 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఉంది. దాని మీదికి సైకిలును రానివ్వరు. ఆ వేగాల మధ్య రానివ్వకూడదు కూడా, దానికి నాకు పేచీ లేదు. కానీ పక్కన ఉన్న సర్వీసు రోడ్డు అక్కడక్కడా తెగిపోతుంది. చివరికి ఇంజను ఉన్నవాళ్లకు చుట్టుదారి, కాళ్లతో తొక్కేవాళ్లకు నగరం నడిబొడ్డు మిగిలింది. ఇదేం న్యాయం?

2023లో ఔటర్ పక్కన సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేశారు. మంచి పనే. అయితే అది నార్సింగి, కొల్లూరు, నానక్‌రామ్‌గూడ వైపు వాళ్లు పొద్దున్నే వ్యాయామానికి తొక్కేది. మా వైపు తెల్లవారకముందే పేపర్లు వేసే కుర్రాడికి, నైట్ డ్యూటీ దిగి ఇంటికి పోయే వాచ్‌మన్‌కు అది ఏ విధంగా పనికొస్తుంది? కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. అందులో 4,800 మందికి పైగా సైకిలు మీద వెళ్తున్నవాళ్లు. దేశయాత్రలకు బయల్దేరినవాళ్లు అందులో ఎందరుంటారు? పనికి పోయి సాయంత్రానికి ఇల్లు చేరాల్సినవాళ్లే కదా ఎక్కువ.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ సైకిళ్లకు, పాదచారులకు నిబంధనలు చేసే అధికారం రాష్ట్రాలకు ఇచ్చింది. ఆరు నెలల్లో ఆ పని చేయమని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మన నిబంధనల్లో జాతీయ రహదారి నగరంలోంచి పోయేచోట సైకిలుకు విడిగా దారి ఉండాలన్న మాట స్పష్టంగా రాయాలి. ఆ దారిలో బండ్లు ఆపితే జరిమానా వేయాలి.

అదంతా జరగడానికి టైం పడుతుందంటే ఒప్పుకుంటాను. జాలీలకు మాత్రం చట్టం అక్కర్లేదు, టెండర్ల దాకా కూడా పోనక్కర్లేదు. నలుగురు వెల్డింగు మనుషులను పెట్టి కమ్మీలు అడ్డంగా వేయించవచ్చు. వాన పడి రోడ్డు మీద నీళ్లు నిలిస్తే ఆ సందులు కనిపించను కూడా కనిపించవు. వానలు మొదలవకముందే మేడ్చల్ నుంచి బోయినపల్లి దాకా ఆ ఒక్క పనైనా పూర్తి చేయాలని మీ పత్రిక ద్వారా అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కొంపల్లి, హైదరాబాద్