అసలు కారణం లేని పేరా పిల్లలకు ఎలా అర్థమవుతుంది?

సంపాదకుడు గారికి,

నమస్కారం. సామాన్యశాస్త్రం పరీక్షల్లో ఒక పేరా ఇచ్చి, చదివి జవాబులు రాయమనడం మంచి పద్ధతి. బట్టీ కొట్టే అవసరాన్ని అది తగ్గిస్తుంది. అయితే ఆ పేరాలు రాసే తీరు మారాలి. ఇటీవల మా ఇంటి దగ్గరి తొమ్మిదో తరగతి పిల్లలు ఒక నమూనా ప్రశ్నపత్రం తెచ్చి చూపించారు. అందులో బాక్టీరియా కదలిక గురించిన పేరా ఉంది. మొదటి వాక్యంలో బాక్టీరియా కశాభాలను (తోకల్లాంటి సన్నని పోగులను) ఊపుతూ ఈదుతుందని రాశారు. రెండో వాక్యంలో అవి అపసవ్య దిశలో తిరిగితే బాక్టీరియా తిన్నగా సాగుతుందని, సవ్య దిశలో తిరిగితే దొర్లుతుందని, అలా ఆహారం దగ్గరకు చేరుతుందని రాశారు.

ఊపుతుందా, తిప్పుతుందా అని పిల్లలు అడిగారు. సరైన ప్రశ్న! తిప్పుతుంది. కశాభం మొదలు దగ్గర ఒక సూక్ష్మమైన మోటారు ఉంటుంది. పేగుల్లో ఉండే ఇ.కోలై అనే బాక్టీరియాలో ప్రోటాన్లు (హైడ్రోజన్ అయాన్లు) లోపలికి ప్రవహించడం వల్ల అది తిరుగుతుంది. కశాభాన్ని గాజుకు అతికించినప్పుడు బాక్టీరియా దేహమే గిరగిరా తిరగడాన్ని 1974లో శాస్త్రవేత్తలు సిల్వర్‌మన్, సైమన్ చూపించారు.

అంతకంటే పెద్ద లోపం మరొకటుంది. బాక్టీరియా ఆహారం వైపు ఎలా వెళ్తుందన్న ప్రశ్నకు పిల్లలందరూ ‘అటు తిరిగి వెళ్తుంది’ అని రాశారు. ఆ పేరా చదివిన వారెవరైనా అలాగే రాస్తారు. నిజానికి దొర్లిన తర్వాత ఎటు తిరగాలో ఎంచుకునే శక్తి ఇ.కోలైకి లేదు. అది సుమారు ఒక సెకను సాగుతుంది, సెకనులో పదో వంతు దొర్లుతుంది, ఎటో ఒకవైపు మళ్లీ బయలుదేరుతుంది. సాగుతున్నప్పుడు ఆహారం గాఢత కొద్దిసేపటి కిందటి కంటే పెరుగుతూ ఉంటే దొర్లడం ఆలస్యమవుతుంది, ఆ పరుగు పొడవవుతుంది. మంచి వైపు పరుగులు పొడవుగా ఉండటం వల్లే మొత్తం మీద అటు చేరుతుంది. కళ్లు మూసుకుని పూలమార్కెట్‌లో నడిచే మనిషి, మల్లెల వాసన పెరుగుతున్నంత సేపు ఆగకుండా సాగిపోవడం లాంటిదే ఇది.

ఈ సంగతిని శాస్త్రవేత్తలు మాక్‌నాబ్, కోష్లాండ్ 1972లో సాల్మొనెల్లా అనే మరో బాక్టీరియాపై చక్కని ప్రయోగంతో చూపించారు. బాక్టీరియా ఉన్న ద్రవంలో ఆహార పదార్థం గాఢతను అంతటా ఒకేసారి పెంచారు. ఇప్పుడు ఏ వైపూ ఎక్కువ లేదు, తక్కువ లేదు. అయినా బాక్టీరియా కొంతసేపు దొర్లకుండా తిన్నగా ఈదింది. అంటే అది పోల్చుకుంటున్నది ఇక్కడికీ అక్కడికీ కాదు, ఇప్పటికీ ఇంతకుముందుకూ. ఈ ప్రయోగాన్ని నాలుగు వాక్యాల్లో చెప్పి, ‘బాక్టీరియా ఎందుకు దొర్లలేదు?’ అని అడిగితే మన పిల్లలు ఆలోచించి రాయగలరు. నేను నోటితో చెప్పగానే ఒక అమ్మాయి ఠక్కున అందుకుంది. కష్టం విషయంలో లేదు, కారణం వదిలేసిన రాతలో ఉంది.

మరో మాట. బడుల్లో బాక్టీరియాను చూపించడానికి సాధారణంగా పెరుగు చుక్కను సూక్ష్మదర్శిని కింద పెడతారు. పెరుగులోని లాక్టోబాసిల్లస్ చాలా వరకు ఈదలేదు. అక్కడ కనిపించే వణుకు నీటి అణువులు తాకడం వల్ల కలిగేదే. ఆ తేడా పిల్లలకు చెప్పాలి.

జిల్లా విద్యాశాఖ వారికి నా విన్నపం: ఇలాంటి పేరాలను అచ్చుకు ముందు ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయుడితోనూ, ఇద్దరు ముగ్గురు విద్యార్థులతోనూ చదివించండి. బొమ్మ తప్పనిసరి చేయండి. ఏర్పేడు దగ్గర ఐసర్ (కేంద్ర ప్రభుత్వ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ), తిరుపతి ఊళ్లోనే శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఈదే బాక్టీరియాను పెద్ద సూక్ష్మదర్శినిలో మన ప్రభుత్వ బడి పిల్లలకు చూపించేందుకు ఏడాదికి ఒక్క రోజైనా కేటాయించాలని ఆ సంస్థలను కోరుతున్నాను. మీ పత్రిక విద్యార్థుల పేజీలో కూడా ఇలాంటి పేరాలను బొమ్మలతో ప్రచురించండి. రాసిపెట్టడానికి నాలాంటి వారు సిద్ధంగా ఉన్నారు.

— ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, తిరుపతి