పడవ మోటారుకు వేసే తీగను కూడా తనిఖీ చేయాలి

సంపాదకులు గారికి, నమస్కారం.

గోదావరి పాయల్లోనూ డెల్టా కాలువల్లోనూ డీజిల్ ఇంజనుకు బదులు బ్యాటరీతో నడిచే ట్రోలింగ్ మోటారు (నావ వెనక బిగించి నీటిలో రెక్కలు తిప్పే చిన్న విద్యుత్ మోటారు) బిగించుకున్న చిన్న నావలు ఇప్పుడు అక్కడక్కడ కనిపిస్తున్నాయి. పొగ ఉండదు, చప్పుడు ఉండదు, నీటి మీద నూనె తెట్టు కట్టదు. లంక పొలాలకు వెళ్లివచ్చే రైతుకైనా, కోరంగి మడ అడవుల వైపు సందర్శకులను తిప్పేవారికైనా ఇది మేలైన మార్పే, దీన్ని ప్రోత్సహించాలనే నేనూ కోరుకుంటున్నాను. అయితే మోటారు ఎన్ని పౌండ్ల తోపుది (నావను ఎంత బలంగా నెడుతుంది), బ్యాటరీ ఎన్ని ఆంపియర్-అవర్లది (ఎంత నిల్వ గలది) అని అడిగి మరీ కొంటున్నవారు, ఆ రెంటినీ కలిపే తీగ ఎంత లావుండాలో అడగడం లేదు. అమ్మేవారు చెప్పడం లేదు. రేవుల్లో పడవలను పరిశీలించేవారి దృష్టి కూడా దాని మీద పడడం లేదు. ఈ లేఖ ఆ తీగ గురించే.

ఇంటి వైరింగు అలవాటే ఇక్కడ మనవారిని తప్పుదారి పట్టిస్తోంది. ఇంట్లో 230 వోల్టుల మీద నడిచే 600 వాట్ల పరికరం మూడు ఆంపియర్ల లోపే తీసుకుంటుంది. అదే 600 వాట్లు 12 వోల్టుల బ్యాటరీ నుంచి రావాలంటే 50 ఆంపియర్లు ప్రవహించాలి. 55 పౌండ్ల తోపు గల 12 వోల్టుల మోటారు పూర్తి వేగంలో తీసుకునేది ఇంచుమించు ఇంతే. ముట్టుకుంటే షాకు కొట్టదు కాబట్టి ఏ తీగ వేసినా సరిపోతుందన్న ధీమాతో ఇంటి తీగనే తెచ్చి వేస్తున్నారు. అది ప్రధాన కాలువ నీటినంతా పంట బోదెలోకి మళ్లించడం వంటిది.

రాజోలు ప్రాంతంలోని ఒక రేవులో ఈ మధ్య ఒక నావను దగ్గరగా చూశాను. బరువు సరితూగడం కోసం బ్యాటరీని నడిమి బల్ల కింద పెట్టారు, మోటారు అమరం మీద ఉంది. మోటారుతో వచ్చిన తీగ పొట్టిది కావడంతో, ఇళ్లలో గీజరుకు వేసే 4 చదరపు మిల్లీమీటర్ల (లోపలి రాగి అడ్డుకోత వైశాల్యం) తీగను దానికి మెలిపెట్టి, నల్ల టేపు చుట్టారు. ఆ టేపు వేడికి మెత్తబడి జిగురు కారుతోంది. విప్పి చూస్తే రాగి పోగులకు పచ్చగా చిలుము పట్టి, కొన్ని పోగులు తెగి ఉన్నాయి. "ఏటికి ఎదురు లాగటం లేదండి, బ్యాటరీ పాడైపోయిందనుకుంటున్నానండి" అన్నారు నావ యజమాని. మోటారును పూర్తి వేగంలో నడుపుతూ మీటరు పెట్టి చూస్తే బ్యాటరీ దగ్గర 12 వోల్టుల పైనే ఉంది, మోటారు దగ్గరకు వచ్చేసరికి 10 వోల్టుల చిల్లర మాత్రమే మిగిలింది. బ్యాటరీ నిక్షేపంగా ఉంది. ఆయన మాత్రం కొత్త బ్యాటరీ కోసం అప్పు చేయడానికి సిద్ధపడి ఉన్నారు.

ఈ లెక్క పదో తరగతి చదివిన ఎవరైనా వేసుకోగలరు. ఒక చదరపు మిల్లీమీటరు మధ్యచ్ఛేద వైశాల్యంతో మీటరు పొడవున్న రాగి తీగ నిరోధం సుమారు 0.0175 ఓములు. బ్యాటరీకీ మోటారుకూ మధ్య దూరం 5 మీటర్లయితే వెళ్లే తీగ, తిరిగి వచ్చే తీగ కలిపి 10 మీటర్లుగా తీసుకోవాలి, చాలామంది పొరబడేది ఇక్కడే. ఆ పొడవులో 50 ఆంపియర్లు ప్రవహిస్తే 4 చదరపు మిల్లీమీటర్ల తీగలో దాదాపు 2.2 వోల్టులు పోతాయి, అంటే 12 వోల్టుల్లో 18 శాతం. వంద వాట్లకు పైగా విద్యుత్తు మోటారుకు చేరకుండా తీగలోనే వేడిగా మారుతుందన్నమాట. 10 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నష్టం 0.9 వోల్టులకు, 16 వేస్తే 0.55కు, 25 వేస్తే 0.35కు తగ్గుతుంది. పడవల వైరింగులో ముఖ్యమైన పరికరాలకు 3 శాతం, మిగతా వాటికి 10 శాతం వరకు నష్టాన్ని అనుమతించే ప్రమాణం ఇతర దేశాల్లో వాడుకలో ఉంది. మనుషులను ఏరు దాటించే మోటారును 3 శాతం వరుసలోనే చేర్చాలని నా అభిప్రాయం. ఆ ప్రకారం పై ఉదాహరణలో 25 చదరపు మిల్లీమీటర్ల తీగ కావాలి. అంత ఖర్చు భరించలేనివారు బ్యాటరీని అమరం వైపు జరిపి, దూరాన్ని సగం చేసుకుంటే అందులో సగం వైశాల్యమున్న తీగ సరిపోతుంది. ముందు వైపు బరువుగా సామాను సర్దుకుంటే నావ తూగు చెడదు. కొత్తగా కొనేవారు 24 వోల్టుల మోటారు తీసుకుంటే అదే శక్తికి కరెంటు సగమే అవుతుంది, అదే తీగలో వేడిగా పోయే శక్తి నాలుగో వంతుకు దిగుతుంది. కాకపోతే 24 వోల్టుల కోసం వరుసగా కలిపే రెండు 12 వోల్టుల బ్యాటరీలూ ఒకే రకానివి, ఒకే వయసువి అయి ఉండాలి.

ఫ్యూజు సంగతి ఇంతకన్నా ముఖ్యమైనది. మన కాలువల్లో గుర్రపుడెక్క ఎంతగా పెరుగుతుందో అందరికీ తెలిసిందే. దాని వేళ్లు మోటారు రెక్కలకు చుట్టుకుని తిరగనివ్వకపోతే కరెంటు ఒక్కసారిగా పెరుగుతుంది. తీగలు ఒకదానికొకటి తగిలితే బ్యాటరీ వందల ఆంపియర్లు కుమ్మరిస్తుంది. అందుకే బ్యాటరీ ధన ధ్రువానికి జానెడు దూరంలోపు, డీసీకి (బ్యాటరీ ఇచ్చే, ఒకే దిశలో పారే కరెంటుకు) పనికొచ్చే ఫ్యూజు గాని బ్రేకరు గాని ఉండి తీరాలి. మోటారు దగ్గర పెడితే బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్యనున్న తీగకు రక్షణ ఉండదు. 50 ఆంపియర్ల మోటారుకు సాధారణంగా 60 ఆంపియర్ల బ్రేకరు సరిపోతుంది, అయితే ఆ తీగ 60 ఆంపియర్లను తట్టుకోగలిగినదై ఉండాలి. 30 ఆంపియర్లకు అటూ ఇటూగా మాత్రమే తట్టుకునే 4 చదరపు మిల్లీమీటర్ల తీగకు 60 ఆంపియర్ల బ్రేకరు పెడితే, బ్రేకరు పడేలోపే తీగ కాలిపోవచ్చు.

ఇక అతుకుల సంగతి. అంతర్వేది, యానాం, భైరవపాలెం వైపు పోటు వేళ ఉప్పునీరు పాయల్లోకి ఎక్కుతుంది. ఆ నీటిలో మామూలు రాగి పోగులు టేపు కిందే నల్లబడి చిలుము పడతాయి. తగరపు పూత పూసిన, సన్నని పోగులు ఎక్కువగా ఉన్న రాగి తీగ వాడితే అది తుప్పుకూ ఆగుతుంది, కుదుపులకూ తెగదు. చవకగా దొరికే తీగల్లో కొన్ని పైకి రాగిలా కనిపించినా లోపల అల్యూమినియమే. కత్తితో గీకితే తెల్లగా బయటపడుతుంది, వాటిని నావలో అసలు వేయకూడదు. చివరలకు తీగ మందానికి సరిపడే రాగి లగ్గులను (నట్టు దూరే రంధ్రమున్న తొడుగులను) క్రింపింగ్ పనిముట్టుతో గట్టిగా నొక్కించాలి, సుత్తితో కొట్టించకూడదు. లోపల జిగురున్న, వేడి చేస్తే బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టంతో మూయించి, బ్యాటరీ ధ్రువాలకు నట్టుతో బిగించాలి. మొసలి నోటి క్లిప్పులు కుదుపుకు ఊడి నిప్పురవ్వలు వస్తే, ఛార్జింగు వేళ బ్యాటరీ నుంచి వెలువడిన హైడ్రోజన్ వాయువు అంటుకోవచ్చు. తీగలను అడుగున నిలిచే నీటిలో వదిలేయకుండా పక్క చెక్కకు ఎత్తున క్లాంపులతో కట్టాలి.

2018 జూలైలో పశువుల్లంక దగ్గర, 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదాల తరువాత లైఫ్ జాకెట్ల గురించీ అనుమతుల గురించీ ఎంతో చర్చ జరిగింది, అది అవసరమే. ఆ ప్రమాదాలకు కారణాలు వేరు. కానీ వరద నీటిలో, బలమైన ప్రవాహం మధ్య మోటారు ఆగిపోయిన నావ ఏమవుతుందో గౌతమీ, వసిష్ఠ పాయల మీద బతికేవారికి చెప్పనవసరం లేదు. 2021లో పార్లమెంటు ఆమోదించిన ఇన్లాండ్ వెసల్స్ చట్టం విద్యుత్తుతో నడిచే నౌకలను ప్రత్యేక తరగతిగా గుర్తించేందుకు వీలు కల్పించింది. దాని వెలుగులో మన జిల్లాల అధికారులు చిన్న నావల తనిఖీలో వైరింగును కూడా చేర్చాలి. ఇందుకు పెద్ద పరికరాలేమీ అక్కరలేదు. నావను రేవుకు గట్టిగా కట్టి, మోటారును పది నిమిషాలు పూర్తి వేగంలో నడిపి, రెండు చివరలా వోల్టేజీ కొలిచి, అతుకులను జాగ్రత్తగా తాకి చూస్తే చాలు. చేయి పెట్టలేనంత వేడిగా ఉన్న అతుకు ఉన్న నావను, దాన్ని మార్చేవరకు ప్రయాణికులతో వదలకూడదు. అమ్మకందారులు కూడా మోటారుతో పాటు దూరానికి తగిన తీగ మందం, ఫ్యూజు కొలత తెలుగులో ముద్రించిన కాగితం ఇవ్వాలని ఆదేశించాలి.

వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు నావలు ఎలాగూ గట్టెక్కి మరమ్మతులకు వస్తాయి. ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థులను ఉపాధ్యాయుల పర్యవేక్షణలో రేవులకు పంపి, అప్పుడే ఈ తీగలను పరిశీలించి మార్పించవచ్చు. మళ్లీ కాలువలకు నీరు వదిలేలోపు, గోదావరికి వరదలు మొదలయ్యేలోపు ఈ పని పూర్తయ్యేలా సంబంధిత శాఖలు ఇప్పటినుంచే ఏర్పాట్లు చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత ఎలక్ట్రికల్ అధ్యాపకుడు,
రాజోలు, కోనసీమ