కీమో తర్వాత మిగిలే నీరసానికీ వైద్యం కావాలి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి
శ్రీ దామోదర రాజనర్సింహ గారికి,

నమస్కారం.

మా ఆవిడ రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ ఆరోగ్యశ్రీలోనే అయ్యాయి. ఆ పథకం లేకపోతే మేం అప్పుల్లో మునిగిపోయేవాళ్లం. ఆ కృతజ్ఞత ఉంది కాబట్టే, ఇంకా మిగిలిపోయిన ఒక పని గురించి రాస్తున్నాను.

గడ్డ పోయింది, రిపోర్టులు బాగున్నాయి. మనిషికి మాత్రం సత్తువ రాలేదు. రాత్రంతా పడుకుని లేచినా ఒళ్లు కదలదు. కూర తరగడం మొదలుపెట్టి సగంలో కత్తి పక్కన పెట్టేస్తుంది. డాక్టర్‌ను అడిగితే "కీమో అయ్యాక ఇది మామూలేనమ్మా, బాగా తినండి" అంటారు. ఓపీలో ఆయన ముందున్న క్యూ చూశాక ఆయన్ని తప్పుపట్టాలని నాకు అనిపించలేదు. కానీ కూలికి వెళ్తేనో, బీడీలు చుడితేనో పూట గడిచే ఆడవాళ్లకు ఈ నీరసం అంటే ఆదాయం ఆగిపోవడమే. రక్తం తగ్గిందా, థైరాయిడ్ ఉందా, నిద్ర పడుతోందా, దిగులుగా ఉందా అని చూసి ముందు వాటికి మందు ఇవ్వాలి. అవేవీ లేకపోయినా కొందరిని ఈ అలసట నెలలు, ఏళ్ల తరబడి వదలదు.

దీనికి ఆక్యుపంక్చర్ (ఒంటి మీద కొన్ని చోట్ల సన్నటి సూదులు గుచ్చే వైద్యం) పనికొస్తుందని విని, ఉన్న ఆధారాలు వెతికి చదివాను. బ్రిటన్‌లో రొమ్ము క్యాన్సర్ చికిత్స పొందిన 302 మంది మీద చేసిన అధ్యయనం 2012లో వచ్చింది. వారానికి ఒకసారి చొప్పున ఆరు వారాలు మోకాలి కింద, చీలమండ పైన, బొటనవేలికి చూపుడువేలికి మధ్య సూదులు పెట్టించుకున్నవాళ్లకు, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లకంటే అలసట బాగా తగ్గింది. మరుసటి ఏడాది న్యూయార్క్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ కేంద్రం అసలు సూదిని, ఉత్తుత్తి సూదిని పోల్చి చూస్తే పెద్ద తేడా కనపడలేదు. ఈ రెండో సంగతి దాచిపెట్టి మిమ్మల్ని అడగడం న్యాయం కాదు. సూది మీద ఇంకా పరిశోధన జరగాలి.

నాకు ఎక్కువ ఆశ కలిగించింది ఆక్యుప్రెషర్. సూది అక్కర్లేదు, రోగే వేలితో నొక్కుకోవచ్చు. మిషిగన్‌లో రొమ్ము క్యాన్సర్ చికిత్స ముగించుకున్న ఆడవాళ్లకు ఇది నేర్పారు. రోజుకు ఒకసారి, ఒక్కో చోట మూడు నిమిషాలు, ఆరు వారాలు. నొక్కే చోట్లను బట్టి రెండు పద్ధతులు. 2016లో వచ్చిన ఫలితాల్లో ఒక పద్ధతి పాటించినవాళ్లలో 66 శాతం మందికి, రెండో పద్ధతిలో 61 శాతం మందికి అలసట మామూలు స్థాయికి వచ్చింది. ఏ పద్ధతీ నేర్పనివాళ్లలో 31 శాతం మందికే అలా అయింది. నర్సమ్మ ఒకసారి కూర్చోబెట్టి నేర్పితే చాలు, ఇంట్లోనే చేసుకోవచ్చు. వ్యాయామం, నడక, కౌన్సెలింగ్‌కైతే ఇంతకంటే గట్టి ఆధారాలున్నాయి. వాటిని వదిలేసి ఇది పెట్టమని అడగడం లేదు, వాటితో పాటే ఇదీ ఉండాలి.

బయట జరుగుతున్నది మాత్రం వేరు. "సూదులతో క్యాన్సర్ మళ్లీ రాకుండా చేస్తాం" అంటూ ఒక క్లినిక్‌లో మాకు ప్యాకేజీ చెప్పారు. రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయని అడగలేదు. చంకలో గ్రంథులు తీసేసిన చేతికి సూది పెట్టకూడదన్న ఆలోచన కూడా వాళ్లకు ఉన్నట్టు లేదు. తెల్ల కణాలు తగ్గిన మనిషికి శుభ్రం లేని సూది తగిలితే ఎంత ప్రమాదమో మీకు చెప్పక్కర్లేదు. కేంద్రం 2019లో ఆక్యుపంక్చర్‌ను ప్రత్యేక చికిత్సా విధానంగా గుర్తించింది. మహారాష్ట్ర అంతకుముందే దీని కోసం చట్టం చేసింది. ఇక్కడ కూడా ఎవరు సూది పెట్టవచ్చో, ఏం చెప్పి రోగిని రప్పించుకోకూడదో కచ్చితంగా రాసి అమలు చేయించండి. క్యాన్సర్ నయం చేస్తామని బోర్డు పెట్టేవాళ్ల మీద కేసు పెట్టండి.

జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. అక్కడికి వచ్చే ప్రతి రోగినీ బీపీ చూసినట్టే "నీరసం పదికి ఎంత ఉంది?" అని అడిగి కేసు షీటులో రాయించండి. నాలుగు దాటితే రక్తపరీక్షలు చేయించి, ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి పంపించాలి. నర్సులకు ఆక్యుప్రెషర్ శిక్షణ ఇప్పించండి. ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో అర్హులైన నిపుణులతో ఆక్యుపంక్చర్ మీద పద్ధతిగా ఒక అధ్యయనం చేయించి, ఫలితం ఎలా వచ్చినా ప్రజలకు చెప్పండి. పనిచేస్తుందని తేలితే ఆరోగ్యశ్రీలో చేర్చండి, తేలకపోతే దాని మీద ఎవరూ డబ్బు తగలేసుకోకుండా ఆపండి.

శిక్షణ వరకు కొత్త భవనాలు, మెషీన్లు ఏమీ అక్కర్లేదు. మీ శాఖ నుంచి ఒక ఉత్తర్వు వస్తే మొదలుపెట్టవచ్చు. అది త్వరగా ఇప్పించమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక క్యాన్సర్ రోగి భర్త,
కరీంనగర్